రిపోర్టుల కౌంటర్లో కూర్చోబోతున్న మా చిన్నికి

చిన్నీ,

జగదాంబ దగ్గర డయాగ్నస్టిక్ సెంటర్లో రిపోర్టులిచ్చే కౌంటర్లో చేరుతున్నావని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. చాలా సంతోషమేసింది, మనింట్లో నా తర్వాత ల్యాబు గడప తొక్కేది నువ్వే. ఆ వెంటనే టెన్షన్ కూడా పట్టుకుంది. రక్తం తీసేవాళ్ళనీ, మెషిన్ దగ్గర ఉండేవాళ్ళనీ ఎవరూ ఏమీ అడగరు. కాగితం చేతికిచ్చే మనిషి ముఖంలోకే చూస్తారు, "ఏటమ్మా, బాగానే ఉందా?" అని.

సులువైనవి ముందు చెప్పేస్తాను. ఫాస్టింగ్ అంటే టీ కూడా తాగకూడదు, మంచినీళ్ళు తాగొచ్చు. హెచ్‌బీఏ1సీ అంటే ఎర్ర రక్తకణాల్లో అంటుకున్న షుగరు లెక్క. ఆ కణం సుమారు 120 రోజులు బతుకుతుంది కాబట్టి అది రెండు మూడు నెలల షుగరు సంగతి చెబుతుంది, నిన్న స్వీటు మానేస్తే అది మారదు. లివరు పరీక్షలో ఎస్‌జీపీటీ, ఏఎల్‌టీ ఒకటే, పేర్లే రెండు. నెగటివ్ అంటే వెతికింది దొరకలేదని. ఆ మాట విని ఏడ్చేసినవాళ్ళని చూశాను, అందుకని కాగితం ఇస్తూనే ఆ ముక్క చెప్పు. అక్యూట్ అంటే ఉన్నట్టుండి వచ్చింది, క్రానిక్ అంటే చాలాకాలంగా ఉన్నది. క్రానిక్ అనగానే ముదిరిపోయిందని కాదు.

కిడ్నీల సంగతి చెప్పే క్రియాటినిన్ దగ్గర మాత్రం ఆగు. మీ మావయ్యకి అన్నయ్య, కవిటి బావగారు గుర్తున్నారా, వచ్చినప్పుడల్లా నీకు జీడిపప్పు పొట్లం తెచ్చేవారు? తోటపని చేసి చేసి ఒళ్ళునొప్పులని మందులషాపులో మాత్రలు కొనుక్కుని రోజూ వేసుకునేవారు. ఒకసారి వైజాగ్ వచ్చినప్పుడు ఒక ల్యాబులో రక్తపరీక్ష చేయించుకున్నారు. క్రియాటినిన్ 2.4 వచ్చింది. కౌంటర్లో కుర్రాడు "కొంచెం ఎక్కువుంది, నీళ్ళు బాగా తాగండి" అన్నాడట. ఈయన ధైర్యంగా కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, మా ఇంటికి కూడా రాకుండా బస్సెక్కేశారు. తర్వాత నేను అడిగితే ఆయన చెప్పిన లెక్క ఇది: "షుగరు రెండొందలు దాటినోళ్ళే తిరుగుతున్నారమ్మా, నాది రెండున్నర కూడా లేదు కదా." కాళ్ళు వాచి ఆయాసం వచ్చాక వైజాగ్ పెద్దాసుపత్రి కేజీహెచ్‌కి తీసుకొచ్చారు. డయాలసిస్ మీద ఉండగానే చనిపోయారు. ముందే తెలిస్తే కిడ్నీలు బాగయ్యేవని నేను అనను, కవిటి వైపు ఊళ్ళల్లో చాలామందికి వచ్చే ఆ ఉద్దానం కిడ్నీ జబ్బుకి అసలు కారణం ఇప్పటికీ తేలలేదు. కానీ ఆ నొప్పి మాత్రలు కిడ్నీని ఇంకా దెబ్బతీస్తాయని ఒక్కరు చెప్పుంటే ఆ రోజే మానేసేవారు, బీపీ చూపించుకునేవారు. ఆ "కొంచెం" అన్న మాట మీద నాకు ఇప్పటికీ కోపం పోలేదు.

అసలు సంగతి అర్థం చేసుకో. కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్ అని ఒకటుంటుంది. దాన్ని 1927లో హార్వర్డ్‌లో ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి కనిపెట్టింది మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారే. అదీ, కండరాల్లోనే ఉండే క్రియాటినూ రోజూ కొంత విరిగి క్రియాటినిన్ అవుతాయి, కిడ్నీలు దాన్ని మూత్రంలోకి పంపేస్తాయి. పంపలేకపోతే రక్తంలో పేరుకుంటుంది. మేం చేత్తో చేసే రోజుల్లో పచ్చటి పిక్రిక్ ఆసిడ్‌లో కాస్టిక్ సోడా కలిపి దాంట్లో సీరం వేస్తే నారింజరంగు తిరిగేది, రంగు ఎంత చిక్కనైతే క్రియాటినిన్ అంత ఎక్కువ. పెద్దవాళ్ళలో మామూలుగా 0.6 నుంచి 1.2 దాకా ఉంటుంది, ల్యాబుని బట్టి కాస్త అటూ ఇటూ. 1 ఉండాల్సింది 2 అయి అక్కడే ఉండిపోయిందంటే వడపోత దాదాపు సగానికి పడిపోయినట్టు. బక్కచిక్కిన ముసలివాళ్ళకి కండ తక్కువ కాబట్టి 1.2 ఉన్నా నమ్మకు, ఈజీఎఫ్ఆర్ అని కిడ్నీల వడపోత లెక్క ఉంటుంది చూడు, అది 60 కన్నా తక్కువుంటే డాక్టరుకి చూపించమను.

నువ్వు డాక్టరువి కాదు, జబ్బు పేరు నీ నోట రాకూడదు. అలాగని నాన్చకు. ఎదుటివాళ్ళు బాధపడతారని విషయం మింగేసే అలవాటు నీకు చిన్నప్పటి నుంచీ ఉంది, లెక్కల్లో మార్కులు తగ్గాయని మీ అమ్మకి చెప్పడానికి వారం పట్టింది. నీ మెత్తటి మనసు నాకు ఇష్టమే, ఆ కౌంటర్లో అలాంటి పిల్లే ఉండాలి. కాకపోతే ఇచ్ఛాపురం నుంచో పాడేరు నుంచో వచ్చిన మనిషి మళ్ళీ బస్సెక్కేలోగా మాట తిన్నగా చెప్పాలి: "అంకె చిన్నగా కనిపిస్తుంది గానీ ఇది ఎక్కువే, డాక్టరుకి చూపించకుండా ఊరెళ్ళకండి, నొప్పి మాత్రలు వాడుతుంటే ఆయనకి చెప్పండి." పెన్నుతో ఆ అంకె చుట్టూ గుండ్రంగా గీసివ్వు. చదువురానివాళ్ళయితే తోడు వచ్చినవాళ్ళని పిలిచి మళ్ళీ చెప్పు.

పొద్దున్న షిఫ్టయితే ఏదో ఒకటి తినే బయల్దేరు, రద్దీలో తొమ్మిదిన్నర దాకా లేవనివ్వరు.

చేరేముందు ఆదివారం ఇంటికి రా. మీ మావయ్యని ఎదురుగా కూర్చోబెడతాను, 2.4 వచ్చిన మనిషికి ఎలా చెబుతావో ఆయనకి చెప్పి చూపించు. ఆయన సరే అన్నాక వెళ్దువుగాని.

మీ అత్త