పని మీద ధ్యాస నిలవడం లేదు.. ఇది బద్ధకమేనా డాక్టర్?

సమస్య: నాకు 32 ఏళ్లు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం, వారంలో మూడు రోజులు ఇంటి నుంచే పని. ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న కాసేపటికే చెయ్యి ఫోన్ మీదకు పోతోంది. మధ్యాహ్నం తిన్నాక తల బరువెక్కిపోతోంది, రోజుకు ఐదారు టీలు తాగుతాను. బాబుకి బాక్స్ కట్టాలి కాబట్టి ఐదున్నరకే లేస్తాను, పడుకునేసరికి ఒంటిగంట. నెలసరిలో బ్లీడింగ్ కూడా ఎక్కువే. టైమ్ టేబుల్ వేసుకుంటాను, నాలుగు రోజులకే వదిలేస్తాను. ఏకాగ్రతకు మందులున్నాయా?
- ఒక సోదరి

సలహా: మీరు ఫోన్ గురించి, బద్ధకం గురించి బాధపడుతూ రాశారు కానీ నేను ఆగిపోయింది రెండు మాటల దగ్గర. రాత్రి ఒంటిగంట, బ్లీడింగ్ ఎక్కువ. ఈ రెండూ సరిచేయకుండా ఎన్ని టైమ్ టేబుళ్లు వేసుకున్నా నిలవవు, అందులో మీ తప్పేమీ లేదు.

ముందు రక్తం సంగతి. సీబీసీ (రక్తకణాల లెక్క), ఫెరిటిన్ (ఐరన్ నిల్వలు), టీఎస్‌హెచ్ (థైరాయిడ్), విటమిన్ బీ12 పరీక్షలు చేయించుకోండి. ఆడవాళ్లలో హిమోగ్లోబిన్ 12 కంటే తగ్గితే రక్తహీనత అంటాం, అయితే అది 12 పైన ఉన్నా ఒంట్లో ఐరన్ నిల్వలు తగ్గిపోయి నీరసం, మతిమరుపు లాంటివి వస్తుంటాయి, అందుకే ఫెరిటిన్ కూడా చూడమంటున్నాను. థైరాయిడ్ తక్కువగా పనిచేస్తే మందకొడితనం, అధిక బ్లీడింగ్ రెండూ రావచ్చు. గంటగంటకూ ప్యాడ్ మార్చాల్సి వస్తున్నా, గడ్డలు పడుతున్నా, ఏడు రోజులు దాటుతున్నా గైనకాలజిస్టును కలవండి. ఆడవాళ్లకు ఇది మామూలేలే అని ఇంట్లో ఎవరన్నా అంటే వినకండి.

నిద్ర విషయానికొస్తే మీకు దక్కేది నాలుగున్నర గంటలు, పెద్దవాళ్లకు కనీసం ఏడు కావాలి. అందరూ పడుకున్నాక దొరికే ఆ కాస్త సమయమే మీది, అందుకే ఫోన్ పట్టుకుని ఒంటిగంట దాకా మేలుకుంటున్నారని నాకనిపిస్తోంది. అది అర్థం చేసుకోదగ్గదే. ఒక్కసారిగా పదింటికి పడుకోమంటే నిద్ర పట్టదు, నాలుగైదు రోజులకోసారి పావుగంట చొప్పున ముందుకు జరపండి, ఫోన్ ఛార్జింగ్ హాల్లో పెట్టండి. బాక్స్ కట్టే పని వారంలో కొన్ని రోజులైనా మీవారు తీసుకోవాలి. ఇది వైద్య సలహాగానే చెబుతున్నాను, ఈ జవాబు ఆయనకు చూపించండి.

టీలో ఉండే కెఫీన్‌లో సగం ఐదారు గంటల తర్వాత కూడా ఒంట్లోనే ఉంటుంది. సాయంత్రం ఆరింటికి తాగితే పడుకునే వేళకు ఇంకా దాని ప్రభావం ఉంటుందన్నమాట. మధ్యాహ్నం రెండు తర్వాత వద్దు. అయితే ఒక్కరోజులో మానేస్తే తలనొప్పి వస్తుంది కాబట్టి రెండు మూడు రోజులకొక కప్పు తగ్గించండి. భోజనంతో పాటు టీ అసలే వద్దు, తిండిలోని ఐరన్ ఒంటికి పట్టనివ్వదు.

మధ్యాహ్నం కాస్త మగత అందరికీ సహజం, పళ్లెం నిండా అన్నం తింటే మరీ ఎక్కువ. అన్నం తగ్గించి పప్పు, గుడ్డు, కూర పెంచి, తిన్నాక పది నిమిషాలు నడవండి. బుర్ర పెట్టాల్సిన పనులు పొద్దున్నే, ఫోన్ వేరే గదిలో పెట్టి మరీ చేయండి, మెయిల్స్, రిపోర్టుల లాంటివి మధ్యాహ్నానికి ఉంచండి.

ఈ అలవాట్లన్నీ రేపే మొదలుపెట్టకండి. ఈ నెలకు నిద్ర ఒక్కటే. అలవాటుకు 21 రోజులు చాలని అంటుంటారు కానీ లండన్‌లో 96 మందిని గమనించిన అధ్యయనంలో సగటున 66 రోజులు పట్టింది, కొందరికి 18, కొందరికి 254 కూడా. మధ్యలో ఒకరోజు తప్పినా పెద్ద తేడా ఏమీ రాలేదని అందులోనే తేలింది. కాబట్టి ఐదోరోజు తప్పితే ఆరోరోజు మళ్లీ మొదలుపెట్టండి, అంతే.

మందుల గురించి అడిగారు. ఏకాగ్రత మాత్రలు, నిద్రమాత్రలు సొంతంగా కొని వేసుకోవద్దు. చిన్నప్పుడు స్కూల్లోనూ ఇలాగే ధ్యాస నిలిచేది కాదా? అయితే ఒకసారి సైకియాట్రిస్టుకు చూపించుకోండి. రెండు వారాలకు పైగా దిగులుగా, దేని మీదా ఆసక్తి లేకుండా ఉన్నా అంతే, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఐరన్ తక్కువని తేలితే డాక్టర్ చెప్పిన మోతాదులోనే మాత్రలు వాడండి. హిమోగ్లోబిన్ మామూలుకు వచ్చిందని ఆపేయకండి, నిల్వలు నిండడానికి ఆ తర్వాత ఇంకో మూడు నెలలైనా వాడాల్సి ఉంటుంది.