మాల్ బిల్లు, మార్కెట్ సంచి, మధ్యలో పార్కింగ్ చీటీ

ప్రశ్న: ఏడాది క్రితం పెద్ద సిటీకి మారాం. ఇద్దరం ఉద్యోగాలు చేస్తున్నాం, ఇద్దరు పిల్లలు. జీతాలు పెరిగాయి గానీ నెలాఖరుకి చేతిలో మిగిలేది లేదు. అన్నీ ఒకచోటే దొరుకుతాయి, టైం కలిసొస్తుంది కాబట్టి మాల్‌లోనే కొనేద్దాం అంటారు మా ఆయన. నేనేమో ఆదివారం పొద్దున్నే సిటీ ఆ చివరున్న హోల్‌సేల్ మార్కెట్‌కి వెళ్ళి బేరమాడి తెస్తాను. వారం వారం ఇదే గొడవ. ఇద్దరిలో ఎవరిది కరెక్టో మీరే చెప్పండి. మూడు నెలల బిల్లులు పంపుతున్నాను. పేరు వేయొద్దు.

జవాబు: తీర్పు చెప్పమన్నారు గానీ, మొగుడూ పెళ్ళాల మధ్య వేలు పెట్టేంత ధైర్యం నాకు లేదండీ. పైగా బిల్లులన్నీ ముందేసుకుని కూర్చున్నాక ఎవరిది కరెక్టు అన్న ప్రశ్నే పక్కకి పోయింది. మీరు మళ్ళీ రాసినప్పుడు ఒక పని అడిగాను, గుర్తుందా? ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు కొనాలనుకున్న వస్తువులకి మాత్రం బిల్లు మీద టిక్కు పెట్టమన్నాను. ఓపిగ్గా పెట్టి పంపారు, ఆ టిక్కులే నాకు అసలు సంగతి చెప్పాయి.

మీ ఇంటికొచ్చే ఆదాయం 100 అనుకుందాం. అందులో నెలకి సగటున 34 షాపింగ్‌కి పోతోంది. మాల్‌లో 17, హోల్‌సేల్ మార్కెట్లో 9, ఆన్‌లైన్లో 5, ఇంటి పక్క షాపులో 3. ఇప్పుడు టిక్కులు లేనివి చూడండి. మాల్ 17లో 10కి టిక్కు లేదు. మార్కెట్ 9లో 3 విలువ చేసే సరుకు వాడకుండానే పాడైందో, మూల పడిందో అని మీరే రాశారు. ఆన్‌లైన్ 5లో 2 "ఎందుకు కొన్నామో గుర్తులేదు" లెక్క. మొత్తం 15. ఇంటి పక్క షాపు బిల్లుల్లో మాత్రం టిక్కు లేని వస్తువు ఒక్కటీ లేదు, ఎందుకంటే అక్కడికి అవసరం పడితేనే వెళ్తారు.

మీరు గర్వంగా చెప్పుకునే బేరం సంగతీ చూద్దాం, కోపం తెచ్చుకోకండి. మార్కెట్లో తెచ్చి వాడుకున్న 6 విలువ చేసే సరుకునే ఇంటి దగ్గర కొనుంటే, మీరు రాసిన రేట్ల ప్రకారం 7.5 అయ్యేది. అంటే హోల్‌సేల్ రేటూ మీ బేరమూ కలిపి మిగిల్చింది 1.5. రాను పోను క్యాబ్ ఖర్చు నెలకి 1. పాడైపోయింది 3. మొత్తమ్మీద 2.5 నష్టం, దాని పైన ప్రతి ఆదివారం సగం రోజు. ఈ పేరా చదివి తానే గెలిచానని మీ ఆయన్ని అనుకోనివ్వకండి, ఆయన వాటా ఇంకా రాలేదు.

రెండో శనివారం మాల్ బిల్లులు తీశాను. పెద్దాడికి స్కూల్ షూస్, చిన్నదానికి వాటర్ బాటిల్, ఈ రెంటికే టిక్కు. షూస్ బిల్లు మీద టైం సాయంత్రం 4:50. పార్కింగ్ చీటీ మీద బండి బయటికొచ్చిన టైం రాత్రి 8:35. మధ్యలో మూడు గంటల నలభై ఐదు నిమిషాలు, తొమ్మిది వస్తువులు. మూడు కొంటే ఒకటి ఫ్రీ అని టీషర్టులు, దిండు గలీబులు, చిన్న సెంటు సీసా, హెడ్‌ఫోన్స్, ఇలా. షూస్ కొన్న వెంటనే 4:55కి కారెక్కుంటే ఆ రోజు ఖర్చు అయినదాంట్లో పావు వంతు కూడా కాదు. మీ ఆయన టైం కలిసొస్తుంది అంటున్నది ఈ మాల్ గురించే.

ఇందులో ఆయన తప్పు కూడా పెద్దగా లేదు, ఆ కట్టడమే అలాంటిది. ఆస్ట్రియా నుంచి అమెరికా వెళ్ళిన విక్టర్ గ్రూయెన్ అనే ఆర్కిటెక్ట్ 1956లో మినియాపొలిస్ దగ్గర సౌత్‌డేల్ అనే మాల్ కట్టాడు. మొత్తం కప్పు కింద, ఏసీలో, బయటి ఎండా వానా తెలియకుండా ఉండే ఇప్పటి మాల్స్‌కి దారి వేసింది అదే. ఏదో ఒక వస్తువు కోసం వచ్చిన మనిషి ఆ వెలుగుల్లో, ఆ తిరుగుడులో వచ్చిన పని మర్చిపోయి ఊరికే చూస్తూ నడవడం మొదలుపెట్టే క్షణానికి తర్వాతి వాళ్ళు ఆయన పేరే పెట్టి గ్రూయెన్ ట్రాన్స్‌ఫర్ అన్నారు. పాపం ఆయన అనుకున్నది ఊరి జనం కలుసుకునే చోటు. చివరి రోజుల్లో ఈ మాల్స్‌కీ నాకూ సంబంధం లేదు పొమ్మన్నాడు. ఈసారి వెళ్ళినప్పుడు గమనించండి, చాలా మాల్స్‌లో పైకెళ్ళే ఎస్కలేటర్ దిగాక తర్వాతి అంతస్తుకి వెళ్ళాలంటే సగం ఫ్లోర్ చుట్టి రావాలి. సినిమా హాళ్ళూ తిండి షాపులూ పై అంతస్తులో ఉంటాయి. గడియారం, కిటికీ వెతికినా కనపడవు.

అద్దెల సంగతి ఇంకా సరదాగా ఉంటుంది. జనాన్ని లాక్కొచ్చే పెద్ద షాపుకి మాల్ వాళ్ళు తక్కువ అద్దెకి చోటిస్తారు. ఆ జనం నడిచే దారిలో ఉన్న చిన్న షాపులు చదరపు అడుగుకి ఎక్కువ కడతాయి, దాని మీద మెయింటెనెన్స్, చాలా ఒప్పందాల్లో అమ్మకాల్లో కొంత శాతం కూడా. ఆ డబ్బు ఎక్కడి నుంచి రావాలి? చేతిలో సంచీతో తిరిగే మన దగ్గర్నుంచే. అందుకని మాల్‌లో నేను చెప్పేది ఇంతే, పెద్ద షాపుకి పోండి, దారిలో ఉన్న చిన్న షాపుల్లో పేరూ ఊరూ లేని సామాన్లు కొనకండి. ఎక్కడ కొన్నా ఒకటే రేటుండే కంపెనీ వస్తువు, గ్యారంటీ కార్డు, వెనక్కిచ్చే వీలు కావాల్సిన వస్తువు, తొడిగి చూస్తే గానీ తెలియని చెప్పులూ బూట్లూ, ఇవి మాల్‌లో హాయిగా కొనండి. ఫ్రిజ్ చెడిపోతే మార్కెట్ సందులో షాపు వెతుక్కుంటూ తిరగలేం కదా.

మార్కెట్ దగ్గరికొద్దాం. బేరం అనేది మనం గెలిచామనిపించే ఆట. వాడు 100 అంటాడు, మనం 60 అంటాం, 75కి తెగుతుంది, 25 మిగిలిందని ఇంటికొచ్చి చెప్పుకుంటాం. అది 50కే అమ్మే సరుకైతే? 1974లో ట్వెర్స్కీ, కానెమన్ అనే ఇద్దరు సైకాలజిస్టులు ఒక ప్రయోగం గురించి రాశారు. అంకెలున్న చక్రం తిప్పుతారు, అది 10 దగ్గర గానీ 65 దగ్గర గానీ ఆగేలా ముందే చేసి పెట్టారు. తర్వాత ఐక్యరాజ్యసమితిలో ఆఫ్రికా దేశాలు ఎంత శాతం అని అడిగారు. 10 చూసినవాళ్ళ జవాబు 25 దగ్గర, 65 చూసినవాళ్ళది 45 దగ్గర తేలింది. చక్రానికీ ప్రశ్నకీ సంబంధమే లేదు, అయినా ముందు చెవిన పడ్డ అంకె మనసుని పట్టి లాగింది. బేరంలో మొదటి అంకె ఎప్పుడూ అమ్మేవాడిదే. అందుకని వాడు నోరు తెరవక ముందే మీ అంకె కాగితం మీద రాసుకుని వెళ్ళండి, అంతకి మించితే వెనక్కి తిరగండి. తిరిగేటప్పుడు వెనక నుంచి పిలుపు రాకపోతే మీరు రాసుకున్నది మరీ తక్కువన్న మాట, అదీ పనికొచ్చే సమాచారమే.

ఇంకో చిక్కు, హోల్‌సేల్ రేటు మనిషికి కాదు, మోతాదుకి. డజనో, బస్తానో తీసుకుంటేనే ఆ రేటు. నేనూ ఒకప్పుడు చవగ్గా వస్తోందని బట్టల సబ్బుపొడి పెద్ద బస్తా మోసుకొచ్చి బాత్రూం పక్కన పెట్టాను. రెండు వానలు పడేసరికి అది రాయి అయి కూర్చుంది. మా ఆవిడ స్క్రూడ్రైవర్‌తో పెచ్చులు పెచ్చులుగా కొట్టి, ఆ ముక్కల్ని నీళ్ళలో నానబెట్టి ఆరు నెలలు ఉతికింది, ఉతికిన ప్రతిసారీ నా వైపొక చూపు చూసింది. ఆర్థిక సలహాలు ఇచ్చేవాడి ఇల్లు ఇది. కాబట్టి పెద్ద మోతాదు అనగానే మూడు అడగండి, ఎన్నాళ్ళకి అయిపోతుంది, అన్నాళ్ళు నిలవుంటుందా, ఎక్కడ పెడతాం. పక్కింటివాళ్ళతో కలిసి పంచుకుంటే మూడూ ఒక్కసారే తేలిపోతాయి. నెలకి నాలుగుసార్లు కాకుండా ఒక్కసారే వెళ్ళండి, క్యాబ్ ఖర్చు పావు వంతుకి దిగుతుంది.

దూరం గురించి మన బుర్ర చేసే తమాషా ఒకటి చెప్పాలి. ఆ సైకాలజిస్టులిద్దరే 1981లో ఇంకో ప్రశ్న అడిగారు. 15 డాలర్ల కాలిక్యులేటర్ మీద 5 డాలర్లు తగ్గుతుందంటే 20 నిమిషాలు బండి నడుపుకుంటూ వేరే షాపుకి వెళ్తారా? 68 శాతం మంది వెళ్తామన్నారు. అదే 5 డాలర్లు 125 డాలర్ల జాకెట్ మీద తగ్గుతుందంటే వెళ్తామన్నది 29 శాతమే. మిగిలేది అదే 5, ప్రయాణం అదే 20 నిమిషాలు. మీ ఇంట్లో జరుగుతున్నది కూడా ఇదేనండీ. చిన్న చిన్న సామాన్ల మీద నూటికి ఇరవై తగ్గుతుందని సిటీ దాటి వెళ్తున్నారు, రెండు నెలల క్రితం వాషింగ్ మెషీన్ మాత్రం ఒకే షాపులో చూసి, అరగంటలో కొనేశారు. పక్క షాపులో ఒక్క ఫోన్ చేసి రేటు అడిగుంటే ఎంతో కొంత తగ్గేదేమో. తగ్గకపోయినా పోయేది ఫోన్ చార్జీలే. తిరిగే ఓపిక పెద్ద వస్తువులకి దాచుకోండి.

పెద్ద ప్యాకెట్ చవక అన్న నమ్మకం కూడా వదిలేయండి. షెల్ఫ్ చీటీ మీద కిలోకి ఎంత, లీటరుకి ఎంత అని చిన్న అక్షరాల్లో ఉంటుంది, లేకపోతే ఫోన్‌లో భాగహారం చేసుకోండి. ధర కదలకుండా లోపలి సరుకు తగ్గించే కంపెనీలు అన్ని చోట్లా ఉన్నాయి, ఫ్రాన్స్‌లో అయితే అలా తగ్గిన సరుకు పక్కన పెద్ద సూపర్‌మార్కెట్లు నోటీసు పెట్టాలని 2024 జులైలో నిబంధన తెచ్చారు. మన దగ్గర ఆ నోటీసు మనమే, పాత ప్యాకెట్ అట్ట ఒకటి ఇంట్లో ఉంచుకుంటే చాలు. అన్నట్టు షాపులో సరుకు వేసుకునే చక్రాల బండి కూడా తీసుకోకండి. 1937లో సిల్వన్ గోల్డ్‌మన్ అనే షాపు యజమాని వాటిని మొదట పెట్టినప్పుడు ఎవరూ ముట్టుకోలేదట, జీతమిచ్చి మనుషుల్ని పెట్టి షాపంతా తోయించాడు. చేతిబుట్ట బరువెక్కితే అంత కొన్నామని చెయ్యి చెప్తుంది, బండి చెప్పదు.

డిస్కౌంట్ బోర్డుల మీద కొట్టేసిన పాత ధర ఉంటుంది చూశారా, ఆ ధరకి ఎప్పుడైనా ఎవరైనా కొన్నారా అన్నది వేరే ప్రశ్న. యూరోపియన్ యూనియన్‌లో 2022 మే నుంచి, తగ్గింపు అని బోర్డు పెడితే గత 30 రోజుల్లో ఉన్న అతి తక్కువ ధర చూపించాలన్న నిబంధన ఉంది. అలాంటి రక్షణ ఉన్నా లేకపోయినా మీరు చేయగలిగిన పని ఒకటి, కొనాలనుకున్న పెద్ద వస్తువు ధర నెల ముందే ఫొటో తీసి పెట్టుకోండి. ఫ్యాక్టరీ అవుట్‌లెట్లలోనూ అంతే, అక్కడుండేది అంతా మిగిలిపోయిన మంచి సరుకు కాదు, అవుట్‌లెట్ల కోసమే తక్కువ ఖర్చుతో కుట్టించేది చాలా ఉంటుంది. కుట్లూ జిప్పూ చూసి కొనండి, బ్రాండ్ పేరు చూసి కాదు.

కార్డు గురించి రెండు ముక్కలు. 2001లో ప్రెలెక్, సిమెస్టర్ అనే ప్రొఫెసర్లు ఒక మ్యాచ్ టికెట్లకి వేలం పెట్టి, కొందరిని నగదు ఇవ్వాలన్నారు, కొందరిని కార్డుతో కట్టాలన్నారు. కార్డు వాళ్ళు పాడిన పాట నగదు వాళ్ళతో పోలిస్తే దాదాపు రెట్టింపు. మీ మాల్ బిల్లులన్నీ కార్డువే, మార్కెట్ ఖర్చంతా నగదు. ఇక వడ్డీ లేని కిస్తీ అంటే వడ్డీ ఎక్కడో దాక్కుందని అర్థం, ప్రాసెసింగ్ ఫీజులోనో, ఒకేసారి కడితే వచ్చే తగ్గింపు మనకి రాకుండా పోవడంలోనో. మొత్తం కడితే ఎంత, కిస్తీల్లో ఎంత అని రెండూ రాయించుకుని చూడండి.

ఆన్‌లైన్ గురించి ఎక్కువ చెప్పను. డెలివరీ ఫ్రీ కావడానికి ఇంకొక్క వస్తువు కలపడం మానేసి, బుట్టలో వేసి రెండు రోజులు వదిలేస్తే మీ 2 చాలావరకు ఆగిపోతుంది.

మరి పిల్లల్ని శనివారం ఎక్కడికి తీసుకెళ్ళాలి అంటారు, నాకూ తెలుసు. చిన్న ఫ్లాట్‌లో వారమంతా ఉన్నాక చల్లగా, పరిగెత్తడానికి చోటున్న మాల్ కంటే సులువైనది దొరకదు. వెళ్ళండి. కాకపోతే దాన్ని షాపింగ్ అనకండి, వినోదం కింద నెలకి 4 పక్కన పెట్టి, ఆ నోట్లు తీసుకుని, కార్డు ఇంట్లో వదిలి వెళ్ళండి. కొనాల్సింది ఉంటే మీ ఆయన మామూలు రోజు ఆఫీసు నుంచి వస్తూ ఒక్కరే వెళ్ళి, అరగంటలో కొనుక్కొస్తారు. ఆయన కోరుకున్న టైం అప్పుడు నిజంగా కలిసొస్తుంది. మార్కెట్‌కి మీరు నెలకొకసారి, నిలవుండే సరుకుకి మాత్రమే. రోజువారీ సామాన్లకి ఇంటి పక్క షాపు, కాస్త రేటెక్కువైనా పర్లేదు.

వృథా అవుతున్న ఆ 15 అంతా ఒక్క నెలలో ఆగదు, 8 ఆగినా చాలు. జీతం పడ్డ రోజునే ఆ 8ని వేరే ఖాతాకి ఆటోమేటిగ్గా వెళ్ళేలా పెట్టేయండి, ముందు ఆరు నెలల ఇంటి ఖర్చుకి సరిపడా నిల్వ చేసుకోండి, మిగతా పెట్టుబడుల సంగతి తర్వాత మాట్లాడదాం.

వచ్చే నెల బిల్లులు కూడా టిక్కులతోనే పంపండి, పార్కింగ్ చీటీలు మర్చిపోకుండా. ఆ హెడ్‌ఫోన్స్ ఇంకా ప్యాకెట్ విప్పలేదని రాశారు, బిల్లు వెనక వాపసు గడువు 30 రోజులని ఉంది. ఈ సోమవారంతో అయిపోతుంది.