పాప పేరున ప్లాట్ కాదు, ముందు మీ పేరున టర్మ్ పాలసీ

ప్రశ్న: నాకు 32 ఏళ్లు. హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం, చేతికి 1.10 లక్షలు వస్తుంది. ఐదు నెలల పాప ఉంది. నా భార్య ఉద్యోగం మానేసింది. నాన్న లేరు, అమ్మ మాతోనే ఉంటుంది. నా పేరున ఉన్న ఫ్లాట్ మీద ఇంకా 52 లక్షల అప్పు, నెలకు 45 వేల ఈఎంఐ. 8 లక్షల పర్సనల్ లోన్ తీసుకుని షాద్‌నగర్ వైపు పాప పేరున ప్లాట్ కొనాలనుకుంటున్నాను. 5 లక్షల మనీబ్యాక్ పాలసీ, ఆఫీసు ఇచ్చిన 20 లక్షల ఇన్సూరెన్స్ ఉన్నాయి. పీఎఫ్‌కి పెళ్లికి ముందే అమ్మను నామినీగా పెట్టాను. ఇంకా వీలునామా అవసరమా?

జవాబు: అవసరమే. కానీ ముందు ఆ ప్లాట్ ఆలోచన మానుకోండి. 13 శాతం వడ్డీకి ఐదేళ్ల పర్సనల్ లోన్ అంటే నెలకు 18 వేల పైనే. రెండు ఈఎంఐలూ కలిపి 63 వేలు పోతే, మిగిలిన 47 వేలతో నలుగురు బతకాలి. పసిపిల్ల ఉన్న ఇంట్లో ఇలాంటి అప్పు చేయడం నాకు అస్సలు మింగుడుపడదు. పైగా మైనర్ పేరున ఉన్న స్థలాన్ని అమ్మాలంటే కోర్టు అనుమతి కావాలి. రేపు మీ ఆవిడకి డబ్బు అవసరమైనా ఆ ప్లాట్ వెంటనే అక్కరకు రాదు.

నా దగ్గరికి ఒకావిడ ప్లాస్టిక్ కవర్‌లో చనిపోయిన భర్త కాగితాలన్నీ పట్టుకొచ్చారు. ప్లాట్ పత్రాలు మూడు. టర్మ్ పాలసీ, అంటే మనిషి పోతే ఇంటివాళ్లకి పెద్ద మొత్తం ఇచ్చే బీమా, ఒక్కటీ లేదు. ఒక ప్లాట్ బాబు పేరున ఉంది. బేరం కుదిరినా కోర్టు అనుమతి లేకుండా అమ్మలేకపోయారు, ఈలోగా బ్యాంకు ఫోన్లు ఆగలేదు. మీ ఉత్తరం చదువుతుంటే నాకు ఆ కవరే గుర్తొచ్చింది.

మీ లెక్క చూద్దాం. అప్పు 52 లక్షలు. ఇంటి ఖర్చు నెలకు 40 వేలనుకున్నా, పాప చదువు అయ్యేవరకు 20 ఏళ్లకి 96 లక్షలు, ధరల పెరుగుదల కలపకుండానే. కనీసం కోటిన్నర టర్మ్ పాలసీ కావాలి. ఆఫీసు ఇన్సూరెన్స్ ఉద్యోగం ఉన్నన్నాళ్లే, మనీబ్యాక్ ఐదు లక్షలు ఏ మూలకి? సిగరెట్ అలవాటు లేకపోతే మీ వయసులో ఈ ప్రీమియం ఆ లోన్ ఈఎంఐలో చిన్న ముక్క. షుగర్, బీపీ ఏమున్నా దాచకుండా చెప్పండి. తీసుకునేటప్పుడే 1874 నాటి వివాహిత మహిళల ఆస్తి చట్టం కింద, ఎండబ్ల్యూపీ అంటారు, భార్యాబిడ్డల పేర్లు రాయించండి. అప్పుడు ఆ డబ్బు మీద అప్పులవాళ్ల చెయ్యి పడదు. పాలసీ వచ్చాక అడిగితే కుదరదు.

నామినీ ఉంటే చాలన్నది చాలామంది చేసే పొరపాటే. బ్యాంకు డబ్బుకి నామినీ అందుకునే మనిషే తప్ప హక్కుదారు కాదు. వీలునామా లేకపోతే హిందూ వారసత్వ చట్టం ప్రకారం మీ ఫ్లాట్ భార్యకి, పాపకి, అమ్మగారికి సమానంగా మూడు వాటాలవుతుంది. పాప వాటా అమ్మాలంటే మళ్లీ కోర్టే. మీ పీఎఫ్ నామినేషన్ అయితే పెళ్లితోనే చెల్లకుండా పోయింది, ఈ వారమే ఆన్‌లైన్‌లో కొత్తది పెట్టండి.

వీలునామాకి తెల్లకాగితం చాలు. ఆస్తితో సంబంధం లేని ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేయండి, వాళ్లూ చేయాలి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయిస్తే మంచిది. మీ ఆవిడ కూడా ఒకటి రాయాలి. మీరిద్దరూ లేకపోతే పాపకి సంరక్షకులెవరో రెండింట్లోనూ ఉండాలి, వాళ్లని ముందే అడగండి. అమ్మగారికి ఏం ఇస్తున్నారో స్పష్టంగా రాయండి.

ఆరు నెలల ఖర్చు ఎఫ్‌డీలో పోగుచేయండి. ఆడపిల్లల పొదుపు పథకం సుకన్య సమృద్ధి ఆ తర్వాత.

ప్లాట్‌కి అడ్వాన్స్ ఇచ్చినట్టు మీరు రాయలేదు. ఇవ్వకండి.