బ్యాటరీ మూలుగుతున్నప్పుడు

అమ్మలూ,

చలికి మీ క్లబ్బు విమానం స్టార్ట్ కాలేదని నువ్వు పంపిన ఆడియో రాత్రి మూడుసార్లు విన్నాను. మూడోసారికి మీ అమ్మమ్మ వంటింట్లోంచి వచ్చి “ఏవిటండీ అది, ఎవరో గురక పెడుతున్నట్టుంది” అంది. గురక కాదు. ప్రాప్, అదే విమానం ముందుండే ప్రొపెల్లర్, ఒకటిన్నర చుట్టు బరువుగా తిరిగింది, పిస్టన్ గాలిని నొక్కే బిగువు, అంటే కంప్రెషన్ దగ్గర ఆగిపోయింది, ఆ తర్వాత స్టార్టర్‌కి కరెంటు కలిపే సోలెనాయిడ్ టకటకా కొట్టుకుంది. ఆ టకటక వినపడగానే కీ వదిలెయ్యాలి తల్లీ. నువ్వు వదల్లేదు, ఇంకో నాలుగుసార్లు తిప్పావు. ఇంజిన్ అందుకోకపోవడానికి చలి కారణమే కావచ్చు గానీ, బ్యాటరీని పూర్తిగా చంపింది మాత్రం ఆ నాలుగుసార్లే.

తిట్టడానికి రాయట్లేదులే. ఆల్బర్టాలో హ్యాంగర్ పనికి చేరిన మొదటి డిసెంబరులో నాదీ ఇదే కథ. అప్పటికి నాకు తెలిసిన పెద్ద చలి లంబసింగిలో ఒక తెల్లవారుజామున చూసినది. సాయంత్రం ఇలాగే నీరసించిపోయిన బ్యాటరీని విమానంలోనే వదిలేసి ఇంటికి పోయాను. పొద్దున తీసి చూస్తే డబ్బా పక్కలు ఉబ్బి, ఒక మూల చీలిపోయి ఉంది. నిండు చార్జిలో ఉన్న బ్యాటరీలో యాసిడ్ మైనస్ 50 దగ్గర కూడా గడ్డకట్టదు. చార్జి దిగిపోయినదాంట్లో మిగిలేది దాదాపు నీళ్ళే, అది మైనస్ 10 దగ్గరే గడ్డకట్టేస్తుంది. కాబట్టి నువ్వు ఇది చదివేసరికి ఆ బ్యాటరీ ఇంకా విమానంలోనే ఉంటే, మిగతా ఉత్తరం తర్వాత చదువు. ముందు విమానం మరమ్మతులు చూసే మీ ఏఎంఈకి ఫోన్ చేసి, దాన్ని విప్పి వెచ్చటి గదిలో పెట్టమను. గడ్డకట్టినదానికి చార్జర్ తగిలించినా, పక్క బండి నుంచి కేబుళ్ళు లాగినా పగిలే ప్రమాదం ఉంది.

సరే, చేశావనుకుంటాను.

ఇప్పుడు అసలు మాట. మైనస్ 16లో నీరసపు బ్యాటరీ దగ్గర ఉండేది ఒకే ఒక్క మంచి ప్రయత్నం. ఆ ఒక్కటీ వృథా పోకుండా ముందు అరగంట పని చెయ్యాలి. ఎందుకంటే ఆ చలిలో అన్నీ ఒకేసారి నీకు ఎదురు తిరుగుతాయి. బ్యాటరీ బలం సగానికి దిగిపోతుంది. ఆయిల్ ముద్దలా అయిపోయి, తిప్పడానికి మామూలు కన్నా ఎక్కువ బలం కావాలంటుంది. పెట్రోలు సరిగ్గా ఆవిరి కాదు. మనకి కలిసొచ్చేది ఒక్కటే: మీ సెస్నా 172ఎం విమానం ఇంజిన్‌కి స్పార్క్ బ్యాటరీ నుంచి రాదు, ఇంజిన్‌తో పాటు తిరుగుతూ సొంతంగా కరెంటు పుట్టించే మాగ్నెటోల నుంచి వస్తుంది. మెల్లగా తిరిగినా ఇంపల్స్ కప్లింగ్ అనే స్ప్రింగు మాగ్నెటోని పట్టి ఉంచి ఒక్కసారిగా వదులుతుంది, దాంతో గట్టి స్పార్క్ పడుతుంది. అంటే బ్యాటరీ పని కేవలం ఇంజిన్‌ని కంప్రెషన్ దాటించడం. ఆ పనిని ఎంత తేలిక చేస్తే అంత.

అన్నిటికంటే ముందు వేడి. చాలా మోడళ్ళకి మైనస్ 12 కిందకి దిగితే ప్రీహీట్ చెయ్యమని, అంటే స్టార్ట్‌కి ముందే వెచ్చబెట్టమని, ఇంజిన్ తయారుచేసే లైకమింగ్ వాళ్ళే చెప్పారు. కానీ హీటర్ గొట్టం పది నిమిషాలు సిలిండర్ల మీద పెట్టి “అయిపోయింది” అనే పద్ధతి వద్దు. సిలిండర్ తలలు వెచ్చబడతాయి, కింద సంప్ అనే తొట్టెలో ఆయిల్, లోపల క్రాంక్‌షాఫ్ట్ అలాగే చల్లగా ఉంటాయి. ఇంజిన్ పైమూత, అదే కౌలింగ్, దాని మీద దుప్పటి కప్పి, ముందు రంధ్రాలు మూసి, వేడిగాలి కింద నుంచి చాలాసేపు వెళ్ళనివ్వు. ఆయిల్ డిప్‌స్టిక్ తీసి చూడు. బొట్టు కిందకి జారాలి, జిగురులా వేలాడకూడదు. మీ విమానంలో బ్యాటరీ ఉండేది ఇంజిన్ వెనక ఫైర్‌వాల్ అనే అడ్డుగోడ మీదే కాబట్టి, ఆ దుప్పటి కింద దానికీ కాస్త వెచ్చదనం దొరుకుతుంది.

తర్వాత ప్రాప్‌ని చేత్తో తిప్పడం. చలి పొద్దుల్లో ఇలా కొన్ని చుట్లు తిప్పితే ఆయిల్ కదిలి, బ్యాటరీ బలం మిగులుతుందని సెస్నా హ్యాండ్‌బుక్కులోనే ఉంది. ఇక్కడ మాత్రం నా మాట జాగ్రత్తగా విను. ఒకసారి నేను కీ జేబులో వేసుకుని, ఇంజిన్‌కి పెట్రోలు ఆపేసే మిక్స్చర్ నాబ్ పూర్తిగా లాగేసి, మరేం ఫర్వాలేదనుకుంటూ ప్రాప్ తిప్పుతున్నాను. ఇంజిన్ ఒక్క తన్ను తన్నింది. బ్లేడు నా మోచేతి పక్క నుంచి గాలి కొడుతూ వెళ్ళి ఆగింది. స్విచ్ ఆఫ్ చెయ్యడం అంటే మాగ్నెటోని ఆపడం కాదు, దాన్ని ఎర్త్ చెయ్యడం. మాగ్నెటో నుంచి స్విచ్‌కి వెళ్ళే వైరు, పీ-లీడ్ అంటాం, అది తెగి ఉంటే స్విచ్ ఏ గుర్తు మీద ఉన్నా మాగ్నెటో బతికే ఉంటుంది. ఆ రోజు కౌలింగ్ విప్పి చూస్తే సరిగ్గా అదే తెగి ఉంది. అందుకని చక్రాలకి అడ్డంగా చాక్స్ దిమ్మలు, తోకకి తాడు, కీ బయట, మిక్స్చర్ కట్-ఆఫ్, థ్రాటిల్ మూసి, మెళ్ళో స్కార్ఫ్ తీసేసి, కాళ్ళ కింద ఐస్ లేకుండా చూసుకుని, ఇన్‌స్ట్రక్టర్ పక్కన ఉంటేనే ముట్టుకో. వేళ్ళు బ్లేడు అంచుకి చుట్టకు, అరచేత్తో తొయ్యి. ఒక్కో చుట్టు తిప్పేటప్పుడూ, ఇంజిన్ ఇప్పుడే తన్నబోతోంది అనుకునే తిప్పు.

తిప్పేటప్పుడు టక్‌మని ఒక శబ్దం వస్తుంది, భయపడకు. అది ఇంపల్స్ కప్లింగే. అది వినపడటం మంచిదే.

ఆపేటప్పుడు ఎక్కడ ఆపాలో కూడా చూసుకో. నేను బుల్లెట్ బండి నడిపేవాణ్ణని మీ అమ్మ చెప్పే ఉంటుంది. బుల్లెట్ కిక్ కొట్టేవాడు ఉత్తినే తన్నడు, ముందు కంప్రెషన్ ఎక్కడుందో కాలితో వెతికి, దాన్ని మెల్లగా దాటించి, అప్పుడు కొడతాడు. ఇదీ అంతే. ప్రాప్ బిగిసి, దాటి, వదులైన చోట ఆపెయ్యి. అక్కడ నుంచి మళ్ళీ బిగువు వచ్చేలోపు స్టార్టర్‌కి పరిగెత్తడానికి కొంచెం చోటు దొరుకుతుంది. నీరసపు బ్యాటరీకి ఆ చోటే ప్రాణం.

ఇక ప్రైమర్, స్టార్ట్‌కి ముందు ఇంజిన్‌లోకి కాస్త పెట్రోలు కొట్టే చేతిపంపు. మన చేతక్ స్కూటర్‌ని వానాకాలం పొద్దున ఓ పక్కకి వంచేవాళ్ళం గుర్తుందా, ఆ పనే ఇది. వెచ్చబెట్టిన ఇంజిన్‌కి కూడా ఆ చలిలో నాలుగైదు స్ట్రోకులు పడతాయి. నెమ్మదిగా కాదు, గట్టిగా తొయ్యి, పెట్రోలు తుంపరగా పడాలి. చివర్లో లోపలికి నొక్కి తిప్పి లాక్ చెయ్యి. థ్రాటిల్‌ని మాత్రం పంపు కొట్టినట్టు కొట్టకు. అలా కొడితే పచ్చి పెట్రోలు గాలిదారిలో చేరి, బ్యాక్‌ఫైర్ వస్తే మంట అంటుకుంటుంది. ఎప్పుడైనా అంటుకుంటే స్టార్టర్ వదలకు, మంట ఇంజిన్‌లోకి లాక్కుపోతుంది.

ఇంత అయ్యాక బ్యాటరీ మాస్టర్ స్విచ్ ఆన్ చెయ్యి. అంతకుముందు కాదు. రేడియోలు, వేగం కొలిచే గొట్టాన్ని వెచ్చబెట్టే పీటో హీట్, లైట్లు అన్నీ ఆఫ్. కీ తిప్పాక ఇంజిన్ అందుకుంటే సంతోషం. ఒకటి రెండుసార్లు పేలి, బలం తగ్గుతూ ఆగిపోతే ఇంక తిప్పకు. పెట్రోలు మండితే నీటి ఆవిరి పుడుతుంది. చల్లటి ప్లగ్గుల మీద అది మంచు పొరగా గడ్డకడుతుంది. ఇక స్పార్క్ ఉండదు. బ్యాటరీ ఎంత తిప్పినా ఉపయోగం లేదు, మళ్ళీ మొదటికొచ్చి హీటర్ పెట్టాల్సిందే. చాలామంది బ్యాటరీని తిట్టుకునేది ఇక్కడే, పాపం దాని తప్పేం ఉండదు.

జంప్ స్టార్ట్ గురించి అడిగావు. మీది 12 వోల్టులది, బయట నుంచి కరెంటిచ్చే కార్టు కూడా 12దే కావాలి. కొన్ని పెద్ద ట్రక్కులు 24 ఉంటాయి, పొరపాటున కూడా తగిలించకు. ఏది ముందు, మాస్టర్ ఎప్పుడు అన్నది మీ విమానం హ్యాండ్‌బుక్కులో ఉన్నట్టే చెయ్యి. చేత్తో ప్రాప్ తిప్పి స్టార్ట్ చేసే వీడియోలు చూసి ఎవరైనా ముచ్చట పడితే, నువ్వు పక్కకి తప్పుకో.

స్టార్ట్ అయ్యాక కళ్ళు ఆయిల్ ప్రెషర్ మీద పెట్టు. వేసవిలో 30 సెకన్లు, ఆ చలిలో దానికి రెట్టింపు చూడు, అప్పటికీ సూది లేవకపోతే ఆపెయ్యి. తర్వాత బ్యాటరీకి చార్జి ఎక్కుతోందో లేదో చూపే ఆమ్‌మీటర్. ముందు సూది ప్లస్ వైపు బాగా వంగుతుంది, చార్జి ఎక్కేకొద్దీ మధ్యకి రావాలి. అది రాకుండా గాల్లోకి వెళ్ళకు. ఇంజిన్ మాగ్నెటోలతో నడిచిపోతుంది నిజమే, కానీ మీ 172లో దిగేటప్పుడు వాడే రెక్కల ఫ్లాప్స్ కరెంటువి, రేడియో కరెంటుది. బ్యాటరీలో బొత్తిగా ప్రాణం లేకపోతే దానికి చార్జి పెట్టే ఆల్టర్నేటర్ కూడా మేల్కోదు, దాన్ని లేపడానికి కాస్త కరెంటు కావాలి.

ఇక్కడ నా ఇన్వర్టర్ బ్యాటరీకి చలి గొడవ లేదు, సముద్రపు గాలే శత్రువు. నెలకోసారి టెర్మినల్స్ మీద పచ్చటి బూజు గీకుతుంటాను. అక్కడ ఉప్పుగాలి లేదని నువ్వు ధీమాగా ఉండకు. మీ ఏఎంఈ బ్యాటరీ విప్పినప్పుడు కేబుళ్ళ కొసలు, ఇంజిన్ నుంచి బాడీకి వెళ్ళే ఎర్త్ పట్టీ కూడా చూడమను. సగం “బ్యాటరీ పోయింది” కేసులు అక్కడే తేలతాయి.

చార్జి చేసి తీశాక రెండు మూడు గంటలు ఊరికే ఉంచి, మీటరుతో వోల్టేజి చూసి ఆ అంకె నాకు పంపు. 12.6 ఉంటే బిగించమను. 12.2 దగ్గర ఆగిపోతే కొత్తది కొనిపించు, క్లబ్బు వాళ్ళతో నేనే మాట్లాడతాను. రాత్రి పదింటి దాకా మెలకువగానే ఉంటాను.

మీ తాతయ్య
విశాఖపట్నం