రోజూ అవే ప్రశ్నలెందుకు సిస్టర్?

ప్రశ్న: మా అత్తమ్మకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్. ఇక కీమో వద్దని డాక్టర్లు పాలియేటివ్ కేర్ (నొప్పి, బాధ తగ్గించి ఊరటనిచ్చే వైద్యం) వార్డుకు మార్చారు. షిఫ్టు మారినప్పుడల్లా నర్సులు "నొప్పి పదికి ఎంత?" అని మళ్లీ మొదలుపెడతారు. ఆమె విసుక్కుని "మంచిగనే ఉంది" అంటుంది. ఒకసారి ఫైల్లో రాసుకుంటే చాలదా? రెండు రోజులుగా మత్తుగా ఉంటోంది, చేతులు ఉలిక్కిపడుతున్నాయి. నొప్పికి ఇస్తున్న మార్ఫిన్ ఆపేయమని అడగాలా?
- ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: ముందు ఆ రెండో విషయం చూద్దాం. మత్తు, ఉలికిపాటు సంగతి ఈ పూటే డ్యూటీ డాక్టర్‌కు చెప్పండమ్మా, రేపటి రౌండ్స్ దాకా ఆగకండి. మాత్రలు మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు. ఈ క్యాన్సర్ పెరిగితే మూత్రనాళాలు నొక్కుకుపోయి కిడ్నీలు దెబ్బతినొచ్చు. అప్పుడు మార్ఫిన్ విరిగాక మిగిలే పదార్థాలు బయటికి పోక ఒంట్లోనే పేరుకుంటాయి. అంటే నిన్న సరిపోయిన మోతాదే ఇవాళ ఎక్కువవుతుంది. మూత్రం తగ్గిందేమో గమనించి చెప్పండి. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చూసి మోతాదు తగ్గిస్తారు, లేదా ఫెంటానిల్ లాంటి వేరే నొప్పి మందుకు మారుస్తారు.

మళ్లీ మళ్లీ అడగడం ఇందుకే. పదహారేళ్లుగా ఈ వార్డుల్లోనే ఉన్నాను, సోమవారం రాసిన నోట్ బుధవారానికి పాతబడిపోతుంది.

ఇక పదికి ఎంత అనే లెక్క మన పెద్దవాళ్లకు ఎక్కదు. పాలమూరు నుంచి వచ్చిన ఒకామె ఎప్పుడడిగినా "ఏం లేదు బిడ్డా" అనేది. ఒకరోజు "రూపాయిలో ఎంత నొప్పమ్మా?" అన్నాను. "బారాణ" అంది వెంటనే, అంటే ముప్పావలా! పడుకుంటే చారాణ (పావలా), పక్కకు తిప్పితే బారాణ. దాంతో ఒళ్లు తుడవడానికి అరగంట ముందు అదనపు డోసు ఇవ్వడం మొదలుపెట్టాం.

ఇంకో రాత్రి ఒక తాతగారు మంచం మీద ఒకటే పెనుగులాట. మాట లేదు. నొప్పే అయ్యుంటుంది, ఇంజక్షన్ వెయ్యమని కొడుకుల గొడవ. పొత్తికడుపు మీద చెయ్యి పెట్టి చూస్తే కుండలా గట్టిగా ఉంది. మూత్రం బిగిసింది. గొట్టం వేయగానే పావుగంటలో నిద్రపోయాడు. మాట్లాడలేనివాళ్ల దగ్గర నొసలు, పిడికిలి, మూలుగు చూసుకోవాలి.

నొప్పి ఒక్కటే అడిగి వదిలేసే నర్సులూ ఉన్నారు, అది మా తప్పే. 1991లో కెనడాలోని ఎడ్మంటన్‌లో తయారైన ఒక ప్రశ్నల పట్టీలో నొప్పితో పాటు వికారం, ఆయాసం, మత్తు, ఆకలి, దిగులు, ఆందోళన కూడా ఉంటాయి. విరేచనం సంగతి మీరే గుర్తుచేయండి, మార్ఫిన్‌తో మలబద్ధకం దాదాపు తప్పదు.

ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి. ఏ మాత్ర ఎన్నింటికి వేశారు, మధ్యలో అదనంగా ఎన్నిసార్లు అడిగారు, రాత్రి ఎన్నిసార్లు లేచారు, ఇవి రాస్తే చాలు. రాత్రంతా పక్కన కూర్చునేది మీరు, మేం కాదు. అయితే అత్తమ్మను అడిగినప్పుడు ఆమెనే చెప్పనివ్వండి, మీరు అందుకోకండి. వీలైతే మీరు కాసేపు క్యాంటీన్‌కు వెళ్లండి. ఇంట్లోవాళ్ల ముందు కొందరు నోరు విప్పరు. ఆ పాలమూరు అమ్మ బారాణలో చారాణ తన ఆసుపత్రి ఖర్చుకని అమ్మేసిన బర్రె గురించి. కోడలు నీళ్లకు వెళ్లినప్పుడు నా చెవిలో చెప్పింది.