రూపం ఆగుతుంది, వినికిడి ఆగదు

తిరుపతి

చిరంజీవి సౌభాగ్యవతికి పెద్దమ్మ ఆశీస్సులు.

బాబు ఫొటోలు చూశాను. కుడి చెవి ఉండవలసిన చోట చిన్న బుడిపె, కింద కాస్త తమ్మె, రంధ్రం లేదు. దీన్ని మైక్రోషియా అంటారు. ఏడో నెలలో గ్రహణం నాడు నువ్వు కూరగాయలు తరిగావని ఎవరన్నా అంటే చెవిన పెట్టకు. బిడ్డకు చెవి ఏర్పడటం గర్భం ఆరో వారంలోనే మొదలవుతుంది. నీ తప్పు ఏమీ లేదమ్మా.

ఆపరేషన్ ఎప్పుడని అడిగావు. వినికిడి పరీక్ష అయిందా అని నేను అడుగుతున్నాను. ఈ నెలలోనే రుయాలోనో స్విమ్స్‌లోనో చెవి డాక్టరుకు చూపించి బెరా పరీక్ష, అంటే శబ్దానికి చెవి నరం, మెదడు ఎలా స్పందిస్తున్నాయో చూసే వినికిడి పరీక్ష, సంగతి అడుగు. చిత్తూరు నుంచి వేలూరు దగ్గర కదా, అక్కడి సీఎంసీ ఆసుపత్రికి వెళ్లినా సరే. ఇలాంటి పిల్లల్లో లోపలి చెవి చాలావరకు బాగానే ఉంటుంది, శబ్దం వెళ్లే దారే మూసుకుపోతుంది. ఎడమ చెవి బాగుంటే మాటలు వస్తాయి. ఆ చెవికి చీము పడితే ఒక్కరోజు కూడా ఆలస్యం చేయకు. రెండు వైపులా లోపముందని తేలితే మాత్రం, ఎముక గుండా శబ్దాన్ని పంపే పరికరాన్ని తలపట్టీతో నెలల వయసులోనే పెట్టించాలి.

ఇక చెవి రూపం. పక్కటెముకల చివరి మృదులాస్థిని తీసి చెవిగా చెక్కుతారు. కొందరు సర్జన్లు ఆరేడేళ్లకే చేస్తారు. రెండు విడతల పద్ధతిలో చేసేవారు పదేళ్ల వయసు, 60 సెంటీమీటర్ల ఛాతీ చుట్టుకొలత వచ్చేదాకా ఆగుతారు. నాకు ఆగడమే నచ్చుతుంది, చెక్కడానికి సరుకు చాలినంత దొరుకుతుంది. బాగున్న చెవి మీద పారదర్శకమైన ఫిల్ము ఆనించి, దాని మడతలన్నీ పెన్నుతో గీసుకుని, ఆ గీత ప్రకారం చెక్కుతారు. చర్మం కింద అమర్చాక సన్నని గొట్టాలతో లోపలి గాలి, రక్తం లాగేస్తారు. అప్పుడు చర్మం మడతల్లోకి అతుక్కుని చెవి కళ వస్తుంది. వార్డులో నర్సుగా నేను చూసినంతవరకు పిల్లలు ఏడ్చేది చెవి నొప్పికి కాదు, ఛాతీ నొప్పికి. అందుకే గట్టిగా ఊపిరి పీల్చి వదలడం ముందునుంచే అలవాటు చేయించు. సుమారు ఆరు నెలలకు రెండో ఆపరేషన్‌లో చెవిని తలనుంచి ఎత్తి నిలబెడతారు. దీనితో వినికిడి రాదు, అది వేరే వైద్యం. బాబుకు కూడా ముందే చెప్పు.

అప్పటిదాకా ఆ బుడిపెను ఎవరినీ కోయనివ్వకు, తమ్మె కుట్టించకు. రేపటి చెవిని కప్పేది అక్కడి చర్మమే. కొత్త చెవికి చాలాకాలం స్పర్శ సరిగా ఉండదు. ఆపరేషన్ తర్వాత తిరుమలలో తలనీలాలు ఇప్పించేటప్పుడు క్షురకుడికి ఆ సంగతి ముందే చెప్పి కత్తి వేయించు.

పరీక్ష కాగితాలు ఫోనులో పంపు, చూస్తాను.

నీ పెద్దమ్మ