చిన్నీ, ఆ అప్పు నీ పేరు మీదే ఉంటుంది

చిన్నీ,

నిన్న ఫోన్లో మీ నాన్న "వదినా, అక్కడ చిన్ని కాలేజీ చదువుకి తీసుకునే లోన్‌కి ఇంటి కాగితాలు ఏమైనా పంపాలా?" అని అడిగితే నవ్వొచ్చింది. ఆయన్నేమీ అనలేం, గుంటూరులో బ్యాంకు మేనేజరు ఎదురుగా కూర్చున్నవాళ్ళెవరికైనా ముందు అదే తోస్తుంది. ఆయనకి చెప్పాల్సింది చెప్పాను గానీ, అసలు తెలుసుకోవాల్సింది నువ్వు కాబట్టి నీకే రాస్తున్నా. ఇంటి కాగితాలు అక్కర్లేదు, జామీను అక్కర్లేదు, నీ సంతకం ఒక్కటి చాలు. అప్పు నీది, వడ్డీ నీది, కట్టకపోతే వచ్చే చెడ్డపేరూ నీదే.

నువ్వు డాలస్‌లో పుట్టి మూడేళ్ళకే ఇండియా వెళ్ళిపోయినా అమెరికా పౌరురాలివే. అమెరికా ప్రభుత్వం ఇచ్చే ఫెడరల్ లోన్‌కి కావాల్సింది అదే. మీ పక్కింటబ్బాయి ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద వస్తున్నాడన్నావు, వాడికి ఇది రాదు, వాడు ఏ బ్యాంకు నుంచో అప్పు తెచ్చుకోవాలి. వాడి లెక్కలూ నీ లెక్కలూ వేరు, ఇద్దరూ కలిసి కూర్చుని బుర్ర పాడుచేసుకోకండి.

మొదటి పని ఫాఫ్సా ఫారం, అంటే చదువుకి ప్రభుత్వ సాయం కోసం పెట్టుకునే దరఖాస్తు. స్టూడెంట్‌ఎయిడ్ డాట్ గవ్‌లో ఉంటుంది, పూర్తిగా ఉచితం. డబ్బు తీసుకుని నింపిపెడతామనేవాళ్ళు తగులుతారు, వాళ్ళకి పైసా ఇవ్వకు, నీ లాగిన్ అసలే ఇవ్వకు. అమ్మా నాన్నా కూడా అందులో విడిగా అకౌంట్లు తెరవాలి, వాళ్ళకి అమెరికా సోషల్ సెక్యూరిటీ నంబరు లేకపోయినా ఫరవాలేదు. నాన్న జీతాన్ని డాలర్లలోకి మార్చి రాయాలి. "మా జీతం వాళ్ళకెందుకు" అని మొండికేస్తాడేమో, అప్పుడు ఈ ముక్క చెప్పు: రూపాయల జీతం డాలర్లలో చూస్తే చిన్నది, అందుకే నీకు పెల్ గ్రాంటు వచ్చే అవకాశం బాగానే ఉంది. అది అప్పు కాదు, తిరిగి కట్టక్కర్లేదు, 2025-26లో ఎక్కువలో ఎక్కువ 7,395 డాలర్లు. మీరుండే ఇల్లు లెక్కలోకి రాదు గానీ అద్దెకిచ్చిన ఫ్లాటు, ఖాళీ ప్లాట్లు, డిపాజిట్లు ఉంటే దాచకుండా రాయండి. ఈ ఫారం ఒక్కసారితో అయిపోదు, చదివినన్నాళ్ళూ ఏటేటా నింపాలి.

ఇక్కడ మన వాళ్ళలో ఇంకో రకం ఉన్నారు, భార్యాభర్తలిద్దరూ సాఫ్ట్‌వేర్, "మాకెలాగూ ఏమీ రాదు" అని ఫాఫ్సా నింపనే నింపరు. ప్రభుత్వం వడ్డీ భరించని రకం, అన్‌సబ్సిడైజ్డ్ లోన్‌కి ఆదాయంతో పని లేదు, ఎంత జీతమున్నా పిల్లలకి వస్తుంది. అది వదిలేసుకుని ప్రైవేటు లోన్‌కి హామీ సంతకాలు పెట్టినవాళ్ళు నాకే తెలుసు.

ఎంతిస్తారంటే, నీలాగా తల్లిదండ్రుల మీద ఆధారపడ్డ డిగ్రీ విద్యార్థికి మొదటి ఏడాది 5,500 డాలర్లు, రెండో ఏడాది 6,500, తర్వాత ఏడాదికి 7,500. మొదటి ఏడాది 5,500లో 3,500 దాకా సబ్సిడైజ్డ్ రావచ్చు, అంటే చదువుతున్నన్నాళ్ళూ ఆ వడ్డీ ప్రభుత్వం భరిస్తుంది. మిగతాది అన్‌సబ్సిడైజ్డ్, డబ్బు చేతికొచ్చిన రోజు నుంచే వడ్డీ నడుస్తుంది. 2025-26లో తీసుకున్నవాళ్ళకి రేటు 6.39 శాతం, అంటే 2,000 డాలర్ల మీద ఏడాదికి 128. రేటు ఏటా మారుతుంది గానీ, ఒక ఏడాది తీసుకున్న లోన్‌కి ఆ ఏటి రేటే చివరిదాకా ఉంటుంది. వీలైతే ఆ వడ్డీ చదువుతుండగానే కట్టేసెయ్, లైబ్రరీలో వారానికి నాలుగు గంటలు పనిచేసినా సరిపోతుంది.

కాలేజీ ఆఫర్ పంపినప్పుడు మొత్తం లోన్ చూపించి "ఒప్పుకుంటున్నారా" అంటుంది. మొత్తం ఒప్పుకోవాలని రూలేం లేదు, 2,000 చాలంటే 2,000 అని రాయి. తర్వాత ఆన్‌లైన్‌లో ఒక పాఠం చదివిస్తారు, మాస్టర్ ప్రామిసరీ నోటు మీద సంతకం పెట్టిస్తారు. పేరు పెద్దదే గానీ మన ఊళ్ళో ప్రోనోటే అది. ఒక్కసారి పెడితే పదేళ్ళ దాకా చెల్లుతుంది, కాబట్టి ప్రతి ఏడాదీ కొత్త అప్పు తీసుకుంటున్నట్టు కూడా అనిపించదు, అదే దాంతో చిక్కు.

డబ్బు నీ చేతికి రాదు, కాలేజీకే పోతుంది. ఫీజులూ హాస్టలూ పట్టుకుని మిగిలింది నీ బ్యాంకులో వేస్తారు. దాన్ని రీఫండ్ అంటారు, ఆ మాట వింటే ఎవరో మనకి బాకీ తీర్చినట్టు ఉంటుంది. నలభై ఏళ్ళ వయసులో నేను నర్సింగ్ చదివినప్పుడు మొదటి సెమిస్టర్‌లో 1,900 డాలర్లు అలా వచ్చాయి. సోఫా కొన్నాను. ఆ సోఫా చిరిగి బయట పడేసిన తర్వాత కూడా దాని వడ్డీ కడుతూనే ఉన్నాను. 120 రోజుల్లోపు తిప్పి పంపేస్తే వడ్డీ, ఫీజు ఏమీ ఉండవని నాకు ఎవరూ చెప్పలేదు. నీకు చెబుతున్నాను.

సెమిస్టర్‌కి ఆరు క్రెడిట్ల కంటే తక్కువకి పడిపోకు. క్రెడిట్లంటే కోర్సుల లెక్క, ఆరంటే మామూలుగా పూర్తికాలం చదువులో సగం. సగం కంటే తగ్గావంటే ఆ రోజు నుంచే ఆరు నెలల గడువు మొదలవుతుంది, అది దాటితే వాయిదాలు కట్టాల్సిందే.

వసూలు చేసేది ప్రభుత్వం కాదు, సర్వీసర్ అనే కంపెనీ. నువ్వు ఎంచుకునేది కాదు, మధ్యలో మారుతుంది కూడా. నా లోన్ ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి వెళ్ళింది, ఉత్తరాలు పాత అపార్ట్‌మెంటుకి, మెయిళ్ళు మూసేసిన కాలేజీ మెయిల్‌కి. వాయిదాలు ఆగి 90 రోజులు దాటాక క్రెడిట్ రిపోర్టులో ఎక్కింది, ఆ మరక వల్ల ఇంటి లోన్‌కి ఎక్కువ వడ్డీ పడింది. కాబట్టి నీ సొంత మెయిలే ఇవ్వు, ఇల్లు మారిన రోజే అడ్రసు మార్చు. 270 రోజులు కట్టకపోతే డిఫాల్ట్, అప్పుడు జీతంలోంచీ టాక్స్ రీఫండులోంచీ ప్రభుత్వమే పట్టుకోవచ్చు.

కట్టడం గురించి ఇక్కడివాళ్ళు పాత సంగతులు చెబితే వినకు. 2025 జూలైలో కొత్త చట్టం వచ్చింది, 2026 జూలై 1 నుంచి తీసుకునే లోన్లకి రెండే దారులు. ఒకటి స్టాండర్డ్: అప్పు 25 వేల లోపుంటే పదేళ్ళు, దాటితే 15 ఏళ్ళు, అలా పెరుగుతుంది. రెండోది రాప్, జీతాన్ని బట్టి కట్టేది. నాలుగేళ్ళూ పూర్తిగా తీసుకుంటే నీది 27,000 అవుతుంది. రేటు 6.39 అనుకుని లెక్కేశాను: పదేళ్ళయితే నెలకి 305, 15 ఏళ్ళయితే 234. ఇందులో ఏముంది, తక్కువే కదా అనిపిస్తుంది. మొత్తం చూడు, 15 ఏళ్ళలో దాదాపు 5,400 డాలర్లు ఎక్కువ కడతావు. 2,500 తక్కువ తీసుకున్నా చాలు, పదేళ్ళ లెక్కలో పడతావు. లేదా ముందే ఎక్కువెక్కువ కట్టెయ్, దానికి జరిమానా లేదు. ఆటోపే పెడితే వడ్డీ రేటు పావు శాతం తగ్గుతుంది కూడా.

రాప్‌లో ఏడాదికి 45 వేల డాలర్ల జీతానికి నెలకి 150. అయితే 27 వేల మీద నెల వడ్డీయే 144, అసలు ఎక్కడ తగ్గుతుంది చెప్పు? తేదీ తప్పకుండా కడితే అసలు నెలకి 50 దాకా తగ్గేలా ప్రభుత్వం కొంత కలుపుతుంది, అంతే. మిగిలింది మాఫీ కావాలంటే 30 ఏళ్ళు. చేతిలో ఉద్యోగం లేనప్పుడు అది గొడుగు, అంతకు మించి ఆశపడకు.

ప్రభుత్వ ఉద్యోగమో లాభాపేక్ష లేని ఆసుపత్రో అయితే కథ వేరు, 120 వాయిదాలకి మిగతాది మాఫీ. కోవిడ్‌లో 2020 మార్చి నుంచి 2023 ఆగస్టు దాకా వాయిదాలూ వడ్డీ ఆపేశారు, నేను తెలివనుకుని కట్టుకుంటూ పోయి తీర్చేశాను. నాతో పాటు అదే ఆసుపత్రిలో పనిచేసే ఆవిడ ఆ నెలల్లో ఒక్క డాలరూ కట్టలేదు, అవీ 120లో లెక్కకొచ్చాయి, మిగతా అప్పు పోయింది. ఇప్పటికీ లంచ్‌లో ఆవిడని చూస్తే కొంచెం కడుపు మండుతుంది.

మీ అమ్మ బీరువాలో పై అరలో పసుపు కవరు ఉంటుంది, నీ సోషల్ సెక్యూరిటీ కార్డు అందులో ఉండాలి. ముందు అది వెతుకు. కాలేజీ ఆఫర్ ఉత్తరం రాగానే ఫోటో తీసి పంపు, ఒప్పుకో బటన్ మాత్రం నొక్కకు, ఆదివారం ఫోన్లో ఇద్దరం చూద్దాం.

పెద్దమ్మ